వెచ్చని సీసా

ఆసుపత్రిలో అందరూ అతన్ని సీసాల బాబాయ్ అనేవాళ్లు. అతని గది మెట్ల కింద ఉండేది. ఒక కిటికీ, ఒక సింకు, ఒక స్పిరిట్ దీపం, చెక్క స్టాండులో గాజు గొట్టాలు. జనం మూత్రం సీసాల్లో ఆ గదికి వచ్చేది, కాగితం మీద నాలుగు ముక్కలై బయటికి వెళ్లేది. ఇరవై ఆరేళ్లుగా అదే పని.

పనిలో అతనికి ఒక పట్టింపు ఉంది. సీసా చేతికి రాగానే మూత తీయడు. చెయ్యి బోర్లించి, చేతి వెనకవైపు సీసాని ఆనించి చూస్తాడు. వెచ్చగా ఉంటే తీసుకుంటాడు. చల్లగా ఉంటే తిప్పి ఇచ్చేస్తాడు.

"ఇది ఎవరిదో, ఎప్పటిదో. వెళ్లి కొత్తది పట్టుకురా."

ఉద్యోగం కోసం వైద్య పరీక్షకి వచ్చినవాళ్లు అన్నదో, స్నేహితుడిదో జేబులో పెట్టుకొచ్చి అలాగే దొరికిపోయేవాళ్లు.

"నీ చేతికి కళ్లున్నాయి బాబాయ్" అనేది పై అంతస్తు నర్సు.

"ముక్కు లేదు. అందుకే బతికిపోయాను" అనేవాడు.

అతని భార్య బట్టలు కుట్టే దుకాణంలో కాజాలు కుట్టేది. రోజంతా కాజాల మిషను ముందు నిలబడి చేసే పని. ఇంటికి రాగానే అతను స్నానం చేయాలి, ఆ తర్వాతే దేన్నైనా ముట్టుకోవాలి. ఆసుపత్రి మాటలు గడప దాటి లోపలికి రాకూడదు. అది ఆమె చట్టం. కానీ ఆమె టీ వడకడుతుంటే అతని నోరు ఊరుకునేది కాదు.

"ఆ వడపోత చూడు. నడుం పైన వెనకగా చెరో పక్క పిడికిలంత కిడ్నీ ఉంటుంది. ఒక్కోదాంట్లో ఇలాంటివి పది లక్షలు. రక్తకణాలు, ప్రోటీన్ పైనే ఆగిపోతాయి. నీళ్లు, ఉప్పు, చక్కెర, మలినం కిందికి దిగుతాయి. రోజుకి నూట ఎనభై లీటర్లు."

"టీ చల్లారిపోతోంది."

"మరి మనం రోజుకి అంత పోస్తున్నామా?"

"ఛీ."

"లేదు కదా. దిగిన నీళ్లు సన్నటి గొట్టాల్లో పోతుంటే, దారి పొడవునా కావలసింది మళ్లీ రక్తంలోకి వెళ్లిపోతుంది. చక్కెర అంతా, నీళ్లు దాదాపు అన్నీ. చివరికి బయటికి వచ్చేది లీటరున్నర. వడకట్టడం ఏముంది, ఎవరైనా వడకడతారు. తిరిగి ఇవ్వడం చూడు, అదీ గొప్ప."

"పెళ్లికి ముందు అమ్మతో కూడా ఇవే మాట్లాడావా నాన్నా?" అనేది కూతురు. దానికి అప్పుడు పంతొమ్మిదేళ్లు.

"మాట్లాడి ఉంటే నువ్వు పుట్టేదానివా?" అనేది తల్లి.

ఒక సాయంత్రం ఆమె చెప్పులు విప్పితే, పట్టీ ఉన్నచోట గాడి అలాగే ఉండిపోయింది. అతను వంగి, ఆమె ముంగాలి మీద బొటనవేలితో నొక్కాడు. గుంట పడింది. వేలు తీశాక కూడా చాలాసేపు ఉంది.

"రేపు పొద్దున నాకో సీసా ఇవ్వు."

"నేనా? మీకా?" ఆమె కాలు లాక్కుంది. "మతి పోయిందా?"

"ఊరందరూ ఇస్తున్నారు."

"ఊరందరితో మీరు కాపురం చేయట్లేదుగా."

మర్నాడు వంటింటి గట్టు మీద సీసా కనిపించింది, మూడు మడతల పేపరులో చుట్టి. సంచిలో పెట్టుకుని బస్సెక్కాడు. గదికి చేరాక అలవాటు కొద్దీ చేతి వెనక ఆనించాడు. చల్లగా ఉంది. ఇంటి నుంచి తెచ్చింది కదా అనుకుని మూత తీశాడు.

గొట్టంలో మూడొంతులు పోసి, పైభాగాన్ని దీపం మీద పట్టాడు. కిడ్నీలో జల్లెడ చిరిగి ప్రోటీన్ జారితే, కాగినచోట ఉడికిన గుడ్డులా తెల్లగా కడుతుంది. కట్టలేదు. రెండు చుక్కలు ఆమ్లం వేసినా కట్టలేదు. అద్దంలా ఉంది.

ఆ సాయంత్రం ఈల వేసుకుంటూ ఇంటికి వచ్చాడు. "ఏమే, నీకున్నవి పద్దెనిమిదేళ్ల పిల్ల కిడ్నీలు!"

కూతురు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని బయటికి పరిగెత్తింది. భార్య తల వంచుకుంది. పొగిడితే సిగ్గుపడుతోంది అనుకున్నాడు.

నిలబడే పని వల్లే వాపు అని తేల్చాడు. దుకాణంలో ఆమె కాలు ఆనించుకోవడానికి చిన్న చెక్కపీట చేయించి ఇచ్చాడు. పది నెలల్లో ఇంకో రెండు సీసాలు అడిగాడు. రెండూ పేపరులో చుట్టి వచ్చాయి. రెండూ చల్లగా ఉన్నాయి. రెండూ అద్దంలా ఉన్నాయి. పొద్దున్నే ఆమె ముఖం ఉబ్బి ఉండేది. నోరు చేదంటూ అన్నం పక్కకి నెట్టేది.

"పై అంతస్తు డాక్టరుకి చూపిద్దామా?" అన్నాడొకసారి. మళ్లీ తనే, "సీసా బాగానే ఉందిలే" అన్నాడు.

ఆమె కంచం తీసుకుని లేచింది.

శీతాకాలంలో ఒక మధ్యాహ్నం నర్సు తనే ఒక సీసా పట్టుకుని కిందికి దిగింది. ఇచ్చి వెళ్లకుండా గుమ్మం దగ్గర నిలబడింది. సీసా మీద అతని భార్య పేరు ఉంది. ఆమె కుట్టుమిషను మీద వాలిపోతే దుకాణం వాళ్లు తీసుకొచ్చారట. మూత్రం తీయడానికి గొట్టం వేశారట.

అతను సీసాని చేతి వెనక ఆనించాడు. వెచ్చగా ఉంది.

దీపం వెలిగించాడు. గొట్టం పైభాగం తెల్లబడింది. ఆమ్లం వేశాడు. పెరుగులా గట్టిగా కట్టింది. గొట్టాన్ని వంచి చూశాడు. కదల్లేదు.

"కిడ్నీలు రెండూ ముడుచుకుపోయాయి" అన్నాడు పై డాక్టరు. "ఏడాది ముందు తెలిసుంటే మందులతో కొన్నేళ్లు నెట్టుకొచ్చేవాళ్లం. మీ చేతిలోనే ఉంది కదా పరీక్ష. ఒక్కసారి చేసుండాల్సింది."

"చేశాను సార్. మూడుసార్లు."

వార్డులో కూతురు గోడ వైపు తిరిగి ఉంది. భార్య కళ్లు తెరిచి చూసింది.

"దాన్నేమీ అనకండి. నేనే పోయించాను."

అతను కూతురి వైపు తిరిగి చూశాడు.

"మూడూనా?"

"మొదటిసారి సిగ్గేసింది. మీరు దాన్ని వెలుతురుకి పట్టుకుని చూస్తారని. తర్వాత మీరు అంత సంబరపడ్డారు. ఎలా చెప్పను? నిలబడితే వాచే కాళ్లే కదా అనుకున్నాను."

"ఇరవై ఆరేళ్లు ఊరందరిదీ చూశాను కదే."

"ఊరందరూ మీ పెళ్లాలు కారుగా."

అతను మంచం చివర కూర్చుని ఆమె పాదం ఒళ్లో పెట్టుకున్నాడు. అది పరీక్ష రాసిన కాగితం కాదు, కాలు. ఆ రోజు వేలికింద గుంట పడి లేవకపోవడం అతను చూశాడు. చూసి, సీసాని నమ్మాడు. పరాయివాళ్ల చల్లని సీసా ఒక్కటి కూడా తీసుకోని మనిషి, ఇంటి సీసాలు మూడు తీసుకున్నాడు. ఆ మాట ఎవరూ అతనితో అనలేదు. అంటే బాగుండేది.

వారానికి మూడు రోజులు, నాలుగేసి గంటలు డయాలసిస్. యంత్రం వడకడుతుంది. ఎంత నీరు తీయాలో, ఎంత వదలాలో పక్కనున్న మనిషి దానికి చెప్పాలి. అతను కుర్చీలో కూర్చుని గొట్టాల్లో ఎర్రగా తిరిగే రక్తాన్ని చూసేవాడు. ఏమీ వివరించేవాడు కాదు.

"ఏంటి, ఇవాళ పాఠం లేదా?" అనేది ఆమె.

కూతురు తన కిడ్నీ ఇస్తానంది. పరీక్షలకి పేరు కూడా రాయించుకుంది. తల్లి ఒప్పుకోలేదు. డాక్టరు చెప్పినా, కూతురు ఏడ్చినా ఒప్పుకోలేదు.

"నీది నాదని చెప్పి మూడుసార్లు ఇచ్చాను. ఇక చాలు తల్లీ."

ఆమెకి అప్పటికింకా కొంచెం మూత్రం వచ్చేది. రోజూ కొలిచి రాయాలి. ఇప్పుడామె సిగ్గుపడేది కాదు. పొద్దున్నే స్నానాలగది నుంచి గోడ పట్టుకుంటూ వచ్చి, పేపరు చుట్టకుండా అతని చేతికే ఇచ్చేది. అతను చేతి వెనక ఆనించుకుని, కొలత గీతలున్న గ్లాసులో పోసేవాడు. మొదట్లో మూడు వందల మిల్లీలీటర్లు. తర్వాత నూట యాభై. వర్షాలు పడేనాటికి నలభై.

"ఇవాళ మీ పంట ఎంత?" అనేది.

"దండిగా ఉంది" అనేవాడు.

ఒక పొద్దున ఆమె చాలాసేపు బయటికి రాలేదు. అతను తలుపు దగ్గర నిలబడ్డాడు. పిలవలేదు. లోపల నీళ్ల చప్పుడు లేదు, ఏ చప్పుడూ లేదు. చివరికి తలుపు తీసింది. రెండు చేతుల మధ్యా సీసా ఉంది. మూత బిగించి ఉంది. లోపల ఏమీ లేదు.

"చూశాను" అంది. "చాలాసేపు చూశాను."

అతను సీసా అందుకుని చేతి వెనక ఆనించాడు.

అంతసేపూ ఆమె దాన్ని పట్టుకునే కూర్చుంది. సీసా వెచ్చగా ఉంది.