మిద్దె తీసి రేకులు వేసినప్పుడు

మొన్న ఇంటికి రేకులు కొందామని ఆదోనిలో అంగడికి వెళ్లాను. ఎండకు కాగిన ఇనుము వాసన తగలగానే అమ్మ గుర్తొచ్చింది.

చిన్నప్పుడు ఎమ్మిగనూరులో మాది మట్టి మిద్దె. పక్కింటి ఖాసింబీ అత్తవాళ్ల మిద్దె దానికి ఆనుకునే ఉండేది. సాయంత్రం ఎండిన మిరపకాయలు ఎత్తడానికి అమ్మా, అత్తా పైకెక్కి, చీకటి పడేదాకా నవ్వుతూ మాట్లాడుకునేవాళ్లు.

వాన పడితే మిద్దె కారి మగ్గం మీది నూలు తడిసేది. మళ్లీ మట్టి ఎందుకని నాన్న, అవ్వ మాట్లాడుకుని ఇనుప రేకులు వేయించారు. అమ్మను ఎవరూ అడగలేదు.

ఆ తర్వాత సాయంత్రాలు అమ్మ వంటింట్లో ఒక్కతే కూర్చునేది. ఖాసింబీ అత్తతో కొట్లాటైందేమో అనుకున్నాను.

"అత్తతో మాట్లాడవామ్మా?" అని అడిగాను.

"యాడ మాట్లాడేది నాయనా? రేకుల మీద కూసునేకి అయితాదా?"

"వాళ్లింటికే పోరాదా?"

అమ్మ అవ్వ వైపు చూసింది.

కోడలు పనిలేకుండా వీధిలోకి పోకూడదన్నది అవ్వ కట్టడి అని, అమ్మకు స్నేహమంటూ దొరికింది ఆ మిద్దె మీదేనని పెద్దయ్యాక తెలిసింది.

కొన్నాళ్లు సాయంత్రంపూట పక్క మిద్దె మీది నుంచి "అక్కా, ఉండావా?" అని అత్త పిలిచేది. "ఉండానమ్మా" అని అమ్మ లోపలినుంచే పలికేది. వానాకాలం వచ్చాక రేకుల చప్పుడులో ఆ పిలుపు వినపడలేదు. వానలు వెలిశాక కూడా రాలేదు.