పుత్తూరు కట్టు

పోయినేడు పుత్తూరులో విరిగిన చేతికి కట్టు కట్టించుకుని తిరుపతి బస్సెక్కినాను. నొప్పి తెలీకుండా జోకులేస్తా ఉంటే చుట్టూ అందరూ నవ్వతా ఉండారు. పక్కసీట్లో ఏడాదిన్నర బిడ్డను ఒళ్ళో పెట్టుకున్నాయన మాత్రం నవ్వలేదు.

"ఏమబ్బా, నవ్వుకు గూడా కండక్టరు టికెట్టు అడగతాడనుకున్నావా?" అన్నాను.

ఆయన మెల్లగా చెప్పినాడు. "పాపకింకా ఒక్క మాటా రాలేదన్నా. వాళ్ళమ్మ పొద్దస్తమానం మాట్లాడిస్తా ఉండేది. ఆమె చనిపోయినాక ఇంట్లో మాటే లేదు. నాకు మాట్లాడేది చేతకాదు. నువ్వు కొంచెం పాపతో మాట్లాడన్నా."

నోరెక్కువని అయివారు నన్ను బడిలోంచి తరిమినాడు గానీ, మాట్లాడమని ఎవరూ అడిగింది లేదు. తీరా అడిగితే నాకు ఒక్క మాటా తోచలేదు.

పాప నా కట్టును వేలితో తాకింది.

"కట్టు," అన్నాను.

నా నోటికేసి చూసింది. మళ్ళీ తాకింది, మళ్ళీ చెప్పినాను. అప్పుడు నన్ను వదిలేసి వాళ్ళ నాయన నోటికేసి తిరిగి, అట్లే చూస్తా ఉండిపోయింది.

ఆయన గొంతు సవరించుకున్నాడు. "కట్టు," అన్నాడు.

తర్వాత కిటికీలోంచి చూపిస్తా, "ఎద్దు... లారీ... కొండ..." అని ఒక్కోటే పాపకు చెప్పుకుంటా వచ్చినాడు.

తిరుపతిలో దిగేదాకా నేను నోరు తెరవలేదు.