క్వార్టర్ నంబరుకు బ్లడ్ గ్రూపు ఉండదు

మీ కంప్యూటర్ ప్రోగ్రామ్ ఇవాళ చెప్పిన జవాబు వచ్చే ఏడాదికి కూడా నిజమేనా అని మీరెప్పుడైనా అడిగారా? నేను అడగలేదు.

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో మేం తెలుగువాళ్లం రక్తదాతల జాబితా ఒకటి నడుపుతున్నాం. అందులో దాతను వెతికే పాత ప్రోగ్రామ్ మా కాలనీలోనే రిటైరైన ఒక పెద్దాయన రాసింది. అది మనిషిని ఉద్యోగి నంబరుతో గుర్తించేది. ఏడాదిగా ఎవరూ సరిచూడని పేరు తగిలితే ఆగిపోయి, ముందు కనుక్కోమనేది. నాకు విసుగొచ్చింది. మా కాలనీలో పేర్లెవరికీ పట్టవు, క్వార్టర్ నంబర్లతోనే పిలుస్తారు, అందరూ ‘రెండొందల పద్నాలుగు ఆంటీ’, ‘తొంభై అంకుల్’. నేనూ క్వార్టర్ నంబరునే ఆధారం చేసి ప్రోగ్రామ్ తిరగరాసి, ఆ ప్రశ్నలన్నీ తీసేశాను.

"ఆ ప్రశ్నలు తీసీసావేటి బాబూ?" అన్నాడాయన.

"రెప్పపాటులో జవాబొస్తోంది మావయ్యగారూ. మీది ఆవిరింజను కాలం."

"రెప్పపాటులో తప్పు సెప్తే?"

నేను నవ్వేశాను.

రెండేళ్లు గడిచాయి. కొత్తగా క్వార్టర్లలోకి వచ్చినవాళ్ల పేర్లు ఎక్కించాం. గ్రూపులు మాత్రం ఖాళీ చేసినవాళ్లవే మిగిలాయి.

ఒక మధ్యాహ్నం పక్కింటావిడకు కాన్పయ్యాక రక్తస్రావం ఆగలేదు. ఓ నెగెటివ్ కావాలి. నా ప్రోగ్రామ్ క్షణంలో ఒక క్వార్టర్ చూపింది. వెళ్లి తలుపు తట్టాను.

"అచ్ఛా, నాది ఓ నెగెటివా? నాకే తెలీదు. కంప్యూటర్లో ఉందంటే కరెక్టే అయ్యుంటాది, సలో!" అన్నాడతను, చొక్కా వేసుకుంటూ.

ఆసుపత్రిలో పరీక్షిస్తే బి పాజిటివ్. అసలు దాత ఆ క్వార్టర్ ఖాళీ చేసి ఊరి చివర లాల్‌ఖదాన్‌లో ఇల్లు కట్టుకున్నాడు. వెతికి తీసుకొచ్చేసరికి గంటన్నర పోయింది. ఆ గంటన్నరా ఆమె భర్త వరండాలో గోడకు ఆనుకుని నిలబడే ఉన్నాడు.

ఆమె బతికింది. ఆమె భర్త నా రెండు చేతులూ పట్టుకుని, "నీ కంప్యూటరే కాపాడింది బాబూ" అన్నాడు. నేను తలూపి ఇంటికొచ్చేశాను.

పరీక్షించని నమ్మకమే మూఢనమ్మకమని ముప్పై ఏళ్లుగా వేదికలెక్కి వాదించాను. నిమ్మకాయలు కట్టినవాళ్లను వెక్కిరించాను. నేను కట్టిన నిమ్మకాయకు కీబోర్డు ఉంది, అంతే తేడా. మర్నాడు అతని దగ్గరకెళ్లి నిజం చెప్పాను. లోపలికి వెళ్లి తలుపేసుకున్నాడు. ఇప్పటికీ నాతో మాట్లాడడు. అతనిది న్యాయమే.

నలుగురు నమ్మే ప్రోగ్రామ్ ఏదైనా మీ చేతిలో ఉందా? ఇవాళే తెరవండి. తొందర కోసం మీరు తీసేసిన పరీక్షను తిరిగి పెట్టండి. పెట్టేదాకా దాన్ని ఆపేయండి.