ముళ్ళచెట్టు కింద మోగిన యంత్రం

మీరు నమ్మని సంఘటనకు మీరే సాక్షి కావలసి వస్తే నోరు విప్పుతారా, పరువు కోసం దాచిపెడతారా?

నేను చాలాకాలం దాచిపెట్టాను. దయ్యాలను, శకునాలను నేను ఎన్నడూ నమ్మలేదు. గుంటూరులో చదివే రోజుల్లో మూఢనమ్మకాలకు వ్యతిరేకంగా వాదించి బహుమతులు గెలుచుకున్నదాన్ని. ఆధారం లేని మాటను అంగీకరించకూడదన్నది నా నియమం. అందుకే ఇక్కడ ఆధారాలను మాత్రమే మీ ముందుంచుతాను.

మొదటి లాక్‌డౌన్‌లో, ఐదు కిలోమీటర్లు దాటి వెళ్ళకూడదన్న రోజుల్లో జరిగిందిది. డబ్లిన్‌లో ఎమ్మెస్సీ చదువుతూ, నగర శివారు బ్లాంచర్డ్స్‌టౌన్‌లో సుజాత ఆంటీ ఇంట్లో ఒక గది అద్దెకు తీసుకుని ఉండేదాన్ని. ఆంటీది కరీంనగర్. ఇక్కడ వృద్ధులను చూసుకునే ఒక కేర్ హోమ్‌లో ఆమె ఉద్యోగం. అంకుల్ మూడు వారాలుగా కోవిడ్‌తో ఆసుపత్రిలో, ఆక్సిజన్ మీద ఉన్నారు. చూడడానికి ఎవరినీ రానివ్వడం లేదు. రోజూ సాయంత్రం ఒక నర్సు ట్యాబ్ పట్టుకుని ఆయనను వీడియోలో చూపించేది.

కేర్ హోమ్‌లో మెడలో గొలుసు ఉండకూడదు. ఆంటీ పుస్తెలతాడు తీసి చున్నీ అంచున ముడివేసి, ఆ చున్నీని బ్యాగులో పెట్టుకునేవారు. ఒకరోజు ఇంటికి నడిచి వస్తుండగా, బాట పక్క పొలంలో మన చుక్కకూరలాంటి పుల్లని ఆకు కనిపించింది. పప్పులోకి బాగుంటుందని కోశారు. మూట కట్టడానికి ఆ చున్నీనే పరిచారు. ముడి సంగతి ఇంటికి వచ్చి ఆకు దులిపాక గాని గుర్తుకు రాలేదు. అప్పటికే అది ఊడిపోయి, పుస్తెలతాడు ఎక్కడో జారిపోయింది.

"గొలుసు పోతే మనిషికి ఏమీ కాదాంటీ. రెండింటికీ సంబంధం లేదు," అన్నాను.

"నాకెర్కలేదా? నేను నమ్ముతనన్ననా? మీ అంకుల్ నమ్ముతడు. బోసి మెడ చూసిండంటే ఆడనే ధైర్యం ఇడుస్తడు."

 ఆ సాయంత్రం ఆమె చున్నీని మెడకు గట్టిగా చుట్టుకుని వీడియో ముందు కూర్చున్నారు.

"గంత చలా? హీటర్ ఏస్కోరాదు," అన్నారు అంకుల్, ఊపిరి కూడదీసుకుంటూ.

మర్నాడు నేను ఆ పొలం యజమాని మార్టిన్ దగ్గరకు వెళ్ళాను. డెబ్బై ఏళ్ళుంటాయి. ట్రాక్టరు నుంచి ఊడిపడే ఇనుప పిన్నులు వెతకడానికి వాడే మెటల్ డిటెక్టర్‌ను గేటు మీద పెట్టి, రెండు మీటర్లు వెనక్కి జరిగాడు.

"మీ వస్తువు వెతుక్కో, ఫర్వాలేదు. పాతకాలపుది ఏదైనా తగిలితే మాత్రం కదిలించకు, చట్టం ఒప్పుకోదు." పొలం నడుమ తెల్లగా పూసిన ఒంటరి ముళ్ళచెట్టును చూపించాడు. "దాని కొమ్మ కూడా విరవకు. మా నాన్న దాని చుట్టూ తిరిగి దున్నేవాడు."

కారణం అడిగాను.

"అడగలేదు కాబట్టే ఇంతకాలం బతికాం," అని నవ్వాడు. అలాంటి ఒంటరి ముళ్ళచెట్టు కంటికి కనిపించని వాళ్ళ సొత్తని ఇక్కడి పాతవాళ్ళ నమ్మకమని తర్వాత తెలిసింది.

మొదటి రోజు దురదగొండిలాంటి ఆకు తగిలి ఎడమచేయి మోచేతి దాకా మండింది. రెండో రోజు ముళ్ళతీగ దాటబోయి మోకాలు చీరుకుని, యంత్రం మీదే పడ్డాను. బ్యాటరీల అర మూత విరిగింది. గాయానికి తెచ్చుకున్న ప్లాస్టర్‌నే దానికీ అంటించాను. ఆ పూటే ముళ్ళచెట్టు చుట్టూ మూడుసార్లు యంత్రాన్ని తిప్పాను. అది మోగలేదు. ఈ విషయం గుర్తుంచుకోండి.

మూడో రోజు కుందేలు బొరియలో కాలు పడి మడమ బెణికింది.

"డిబేట్ల కప్పులు తెచ్చినవంట గని, కాళ్ళ కింద బొక్క కనవడదాయె నీకు! ఇగ చాలు, పోకే పిల్లా," అంటూ ఆంటీ పసుపు పట్టు వేశారు.

ఆ సాయంత్రమే అంకుల్, "ఆ చున్నీ తియ్యరాదు, మొఖం సక్కగ కనవడ్తలేదు," అన్నారు. ఆంటీ సిగ్నల్ పోయినట్టు నటించి కాల్ ఆపేశారు. ఇంకొక్క రోజు మించి దాచలేమని ఇద్దరికీ అర్థమైంది.

నాలుగో ఉదయం తొందరలో గేటెక్కుతూ జారాను. పెదవి చిట్లింది. యంత్రం అటువైపు పడింది. తీసుకుని, స్విచ్ చూసుకుని నడిచాను. లోహం తగిలితే తప్ప మోగని యంత్రం కాబట్టి మౌనంగా ఉండడం నాకు వింతగా అనిపించలేదు. పది నిమిషాలు కుంటుతూ వెతికి, నొప్పికి ఓర్చుకోలేక ముళ్ళచెట్టు కింద కూర్చోబోయాను.

యంత్రం మోగింది. రెండుసార్లు, స్పష్టంగా.

గడ్డిలో వేళ్ళు పెట్టగానే ఏదో గుచ్చుకుని రక్తం వచ్చింది. పిన్నీసు. ఆంటీ పుస్తెలతాడుకు ఎప్పుడూ వేలాడే రెండు పిన్నీసుల్లో ఒకటి. దాని వెంట గొలుసంతా బయటికి వచ్చింది.

వెనక్కి తిరిగితే మార్టిన్ కొంచెం దూరంలో ఆగిపోయి ఉన్నాడు. చాచిన అరచేతిలో రెండు బ్యాటరీలు ఉన్నాయి.

"గేటు దగ్గర పడేశావు. ఇవ్వడానికే వస్తున్నాను," అన్నాడు. తర్వాత చిన్నగా, "నేనూ విన్నాను," అన్నాడు.

యంత్రాన్ని తిప్పి చూశాను. ప్లాస్టర్ ఊడి వేలాడుతోంది. అర ఖాళీగా ఉంది.

ఆ సాయంత్రం ఆంటీ చున్నీ తీసి కూర్చున్నారు. అంకుల్ కాసేపు చూసి, "చలి తగ్గిందా?" అన్నారు. ఆంటీ తల ఊపారు. కొన్ని వారాల తర్వాత ఆయన తన కాళ్ళ మీద నడిచి ఇంటికి వచ్చారు. ఆయన కోలుకున్నది వైద్యం వల్లే. ఆ విషయంలో నా వాదన మారలేదు.

మారనిది ఇంకొకటుంది. బ్యాటరీలు తీసేసి ఆ యంత్రాన్ని ఎన్నోసార్లు పరీక్షించాను. ఒక్కసారీ మోగలేదు. లోపల మిగిలిన విద్యుత్తు క్షణాలకు మించి నిలవదని డబ్లిన్ రేవు పక్క డాక్‌ల్యాండ్స్‌లో ఒక కంపెనీలో పనిచేసే ఇంజినీరు మిత్రుడు చెప్పాడు. చెట్టు దగ్గరకు తాను వెళ్ళనేలేదని ఆంటీ అంటారు. నాకు ఈనాటికీ సమాధానం దొరకలేదు.

మీకు దొరికితే దయచేసి నాకు రాయండి. సరైనదైతే నలుగురి ముందూ ఒప్పుకుంటాను. ఈలోగా మరొక విన్నపం. మీ ఇంట్లో ఎవరైనా మీకు అర్థం లేదనిపించే వస్తువు కోసం వెతుకుతుంటే, వాదనను కాసేపు పక్కన పెట్టి మీరూ వెంట వెళ్ళండి. చేతులకు గ్లౌజులు మాత్రం వేసుకోండి.