బ్రిగేడియర్ గారి జ్ఞాపకశక్తి

తన కింద పనిచేసిన ప్రతి సిపాయి పేరూ, వాడి ఇంటి సంగతులూ నాలుక చివర ఉంటాయని బ్రిగేడియర్ లయొనెల్ గార్త్‌వెయిట్‌కు పెద్ద పేరు. ఇంగ్లండ్‌లోని హెరిఫర్డ్‌లో మేకులూ తాళాలూ అమ్ముకునే దుకాణదారు కొడుకు. పెద్దింటి బిడ్డలను దాటుకుని అంత దూరం వచ్చాడంటే ఆ పేరు చలవే. మలయా అడవుల్లోనూ, ఏడెన్ ఎండల్లోనూ సిపాయిలు ఆయన వెంట నడిచింది కూడా అందుకే.

అసలు సంగతేమిటంటే, గుమ్మం దగ్గర సార్జెంట్ మేజర్ ఆ వివరాలు ఈయన చెవిలో ఊదేవాడు. ఈయన లోపలికి వెళ్లి అప్పజెప్పేవాడు. ఏళ్లు గడిచేసరికి అదంతా తన జ్ఞాపకశక్తేనని ఆయనే నమ్మేశాడు. పొగడ్తకు లొంగని మీసం ఏ సైన్యంలోనూ లేదు లెండి.

యార్క్‌షైర్ శిబిరంలో అది ఆయనకు చివరి క్రిస్మస్. వసంతంలో పదవీ విరమణ. క్రిస్మస్ నాటి ఆచారం ప్రకారం తెల్లవారగానే అధికారులు రమ్ము కలిపిన టీ మోసుకుని సిపాయిల మంచాల దగ్గరికే వెళ్లారు. పాత సార్జెంట్ మేజర్ జ్వరంతో పడుకున్నాడు. బదులుగా వచ్చిన హిక్లింగ్, సిపాయి పేరు ఒక్కటే అందించాడు. మిగతాది బ్రిగేడియర్ సొంతంగా కలిపాడు.

"ఏం గార్‌సైడ్, మీ అమ్మ ఎలా ఉందోయ్?"

పక్క మంచాల వాళ్లు తలలు తిప్పి చూశారు. కార్పొరల్ గార్‌సైడ్ కప్పు పట్టుకుని ఆయన ముఖంలోకి చూశాడు.

"బాగానే ఉంది సార్."

బయటికి రాగానే హిక్లింగ్ నసుగుతూ చెప్పాడు. గార్‌సైడ్ తల్లి అధికారుల భోజనశాలలో ఏళ్ల తరబడి వడ్డించింది. నిరుడే పోయింది. సమాధి దగ్గర ఆ కుర్రాడి భుజం మీద చెయ్యి వేసి నిలబడింది బ్రిగేడియర్ గారే.

ఆయనకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఈయన గుడ్డు ఎంతసేపు ఉడకాలో ఆవిడకు తెలుసు. ఆ గుడ్డు రుచి ఈయనకు గుర్తుంది, ఆవిడ గుర్తులేదు. నలుగురిలో ఈయన పరువు పోకూడదని ఆ కుర్రాడు చచ్చిపోయిన తల్లిని బతికించి అబద్ధమాడాడు. అది తలుచుకుంటే మరీ చిన్నతనంగా ఉంది.

మధ్యాహ్నం భోజనానికి సిపాయిలు కూర్చుంటే అధికారులు వడ్డించాలి. ఉడికించిన చిట్టి క్యాబేజీలు వాళ్ల మీద విసిరే హక్కు ఆ ఒక్కరోజూ సిపాయిలకు ఉంటుంది. ఒకటి వచ్చి బ్రిగేడియర్ పతకాల మీద పడింది. ఆయన తుడుచుకోలేదు. గార్‌సైడ్ పక్కన వంగి, గొంతు తగ్గించి అడిగాడు.

"పొద్దున తప్పు చేశానయ్యా. మీ అమ్మ పేరేమిటి?"

గార్‌సైడ్ గొంతులో కోపం లేదు. "ఎందుకులెండి సార్. మళ్లీ మర్చిపోతారు. ఆ గ్రేవీ కాస్త ఇటు పొయ్యండి."

ఆయన పోశాడు. కొంత బల్ల మీద ఒలికింది. తర్వాతి బల్ల దగ్గర హిక్లింగ్ పొద్దుటిలాగే పేరు అందించడానికి ఆయన చెవి దగ్గరికి వంగాడు.

"వద్దు," అన్నాడు బ్రిగేడియర్.

మిగిలిన బల్లలన్నిటికీ తానే వడ్డించాడు. ఎవరినీ పేరు పెట్టి పిలవలేదు.