ఎర్తు గుంతలో తడి

ఈ సంగతి నేను ఇప్పటికి ముగ్గురికి చెప్పిన. షవర్ అమ్మిన షాపు సేటుకు చెప్తే గిరాకీని చూసుకుంట తలూపిండు. కంపెనీకి ఫోన్ చేసి చెప్తే పాట పెట్టి వదిలేసిన్రు. మా బామ్మర్దికి చెప్తే, "బావా, పానం మంచిగనే ఉన్నదా?" అని అడిగిండు. జవాబు మాత్రం ఎవ్వరూ ఇయ్యలేదు. అందుకే కాయితం మీద పెడుతున్న. కాయితం తలూపి పక్కకు చూడదు.

ముందే ఒక మాట. నేను దయ్యాలను నమ్మే మనిషిని కాదు. ఎవరికన్నా గాలి సోకిందంటే, దవాఖానకు తీస్కపోండని కసిరేటోణ్ని. ఇప్పటికీ నమ్మను. జరిగింది జరిగినట్టు రాస్తున్న, అంతే.

మాది కొత్తకోట. చిన్న విత్తనాల దుకాణం నడుపుత. వీధిలైటు వెలగకున్నా, మోరీ నిండినా దరఖాస్తు రాసేది నేనే. నా వెనుక నన్ను 'దరఖాస్తు నర్సిములు' అంటరని తెలుసు. మొదట ఎవరన్నరో కూడా తెలుసు.

మా బాపు ఆత్మకూర్ దిక్కు చెలకలో బోరు మోటరు మీద బతికిన రైతు. నా చిన్నప్పుడు ఒక ఎండకాలం, మోటరు స్టార్టర్ దగ్గర మా పాడి బర్రె షాకు కొట్టి సచ్చిపోయింది. ఎర్తు పైపు పాతిన జాగా ఎండి ఇటుక లెక్క అయ్యిందని ఆనాడు తెలిసింది. అప్పటి సంది బాపు మోటరు వేసే ముందు ఎర్తు దగ్గర చెంబెడు నీళ్లు పోసేటోడు. మా దిక్కు చానామంది రైతులు పోస్తరు. బాపుకు మాత్రం అది దేవునికి దీపం పెట్టినట్టే.

"భూమి తడిగుంటేనే కరెంటుకు తొవ్వ దొరుకుతది. దొరకకుంటే మనిషినే తొవ్వ చేసుకుంటది," అనేటోడు.

ముసలితనంలో మా దగ్గరికి వచ్చినంక కూడా ఆ అలవాటు మానలేదు. మా బాత్రూం గోడ వెనుక ఇంటి ఎర్తు గుంత ఉన్నది. ఉప్పు, బొగ్గు పోసి, ఇనుప పైపు దించిన గుంత. పొద్దున ఆరు కొట్టకముందే బాపు స్నానం అయిపోయేది. తడి తువ్వాల మీదనే వెనుకకు పోయి, తన స్టీలు చెంబుతో ఆ గుంతలో నీళ్లు పోసి వచ్చేటోడు.

నాలుగేండ్ల కింద ఎండకాలంలో మా బోరు తక్కువ పోసింది. తాగనీకె నీళ్లు లేకపాయె, గుంతకు పోసుడేందని నేను ఎగిరిన. అప్పుడు మా కరెంటు మేస్త్రి యాదగిరి ఫ్యాన్ విప్పుకుంట నిచ్చెన మీద ఉన్నడు. వాని ముందరనే బాపు అన్నడు: "ఊరందరికి దరఖాస్తులు రాస్తవు. ఇంట్ల గుంతకు చెంబెడు నీళ్లు పొయ్యనీకె నీకు చేతగాదు."

యాదగిరి నిచ్చెన మీదికెల్లి పండ్లన్నీ కనపడేటట్టు నవ్విండు. ఆ మాట, ఆ నవ్వు రెండూ నాకు గుర్తున్నయి.

పోయినేడు కార్తీకంలో బాపు పోయిండు. ఆ తర్వాత గుంతలో నేను ఒక్కనాడు కూడా నీళ్లు పొయ్యలేదు. నా భార్య సుగుణ తాను పోస్తనంటే వద్దన్న. "గాయన చాదస్తం గాయనతోనే పోయింది," అన్న. అసలు కారణం అది కాదు. నిచ్చెన మీద నవ్విన ఆ నవ్వు. రాయనీకె సిగ్గయితాంది, కానీ రాయకుంటే మిగతాదానికి అర్థం లేదు.

ఇగ షవర్ సంగతి. సుగుణకు కుడి భుజం పట్టుకపోయింది. చెయ్యి చెవి దాక లేవదు. బకెట్ల నీళ్లు ముంచి తల మీద పోసుకునుడు ఆమెకు నరకం. అందుకే కరెంటు షవర్ పెట్టిచ్చిన. గోడకు బిగించే చిన్న తెల్ల డబ్బా. నీళ్లు అందులో నుంచి పారుకుంటనే వేడై తల మీద పడతయి. మొదటి దినం సుగుణ బాత్రూంలకెల్లి ఎంతసేపటికీ బయటికి రాలేదు. వచ్చినంక, "ఆరు నెలలైంది, తల మంచిగ తడిసి," అన్నది. కండ్లు ఎర్రగున్నయి. సబ్బు పడ్డదన్నది.

శివరాత్రి దాటిన కొన్ని దినాలకు షవర్ కారుడు మొదలైంది. చుక్కలు కింద పడతలేవు. డబ్బా వెనుక నుంచి వచ్చి, పచ్చ రంగు ఎర్తు వైరు పొంటి పాకి, వైరు బయటికి పోయే తూటులో నుంచి గోడ అవతలకు పోతున్నయి. గోడ వెనుక సన్నగ తడి చార, సక్కగ గుంత దాక.

షాపుకు ఫోన్ చేసిన. ఫిర్యాదు నంబర్ ఇచ్చిన్రు. "మనిషిని పంపుతం సార్," అన్నరు. మనిషి రాలేదు. పదకొండుసార్లు చేసిన. పదకొండుసార్లూ ఆ మనిషి తొవ్వలనే ఉన్నడు.

ఆఖరికి యాదగిరినే పిలిచిన. డబ్బా విప్పి, వాచరు మార్చి, తెల్ల టేపు చుట్టి, బిగించి పోయిండు. తెల్లారి మళ్లా అదే చార. మళ్లా వచ్చిండు. అరగంట తల గోక్కున్నడు.

"నర్సిములన్నా, పైపుల తప్పు లేదు, డబ్బాల తప్పు లేదు. నీళ్లు యాడికెల్లి వస్తున్నయో నాకైతే సమజైతలేదు."

"నీకు సమజైతదని ఎవడన్నడు? నవ్వుమంటే నవ్వుతవు."

"నేనెప్పుడు నవ్విన్నే?"

"నాకు గుర్తున్నది."

"నీకు గుర్తులేనిదేందో చెప్పన్నా, ముందు గదే రిపేరు చేస్త," అని సంచి సర్దుకొని పోయిండు.

అప్పటి సంది నేనే కనిపెట్టి చూసిన. కారుడు దినమంతా లేదు. పొద్దున ఆరు కొట్టకముందు మొదలైతది, జరసేపటికి ఆగుతది. సుగుణ స్నానం ఏడింటికి. అంటే షవర్ వాడకముందే. ఎంత కారుతున్నదో షాపోనికి లెక్క చూపియ్యాలని, గోడ వెనుక తూటు కింద చెంబు కట్టిన. చేతికి అందింది బాపు చెంబే. అది అంచు దాక నిండింది. అంచు దాటి ఒక్క చుక్క పడలేదు. రెండోనాడు అంతే. మూడోనాడు అంతే. ఆ నీళ్లు ఎక్కడ పారబోసిన్నో చెప్పనా? చెంబు చేతిలో ఉన్నది, గుంత కాళ్ల దగ్గర ఉన్నది. అయినా పట్టుబట్టి పోయి మోరీలో పోసిన.

నాలుగోనాడు చెంబు తీసేసిన. ఆ సాయంత్రం షవర్‌కు పోయే వాల్వ్ కట్టేసిన. పైపు విడదీసి, మూతికి డమ్మీ బిగించిన. డబ్బాలో ఉన్న నీళ్లన్నీ ఖాళీ చేసిన. ఇగ అందులోకి నీళ్లు పోయే తొవ్వే లేదు.

తెల్లారి ఆరు కొట్టకముందు గోడ వెనుక నిలబడ్డ. తూటు అంచుకు ఒక చుక్క వచ్చి ఆగింది. నిండింది. జారింది. దాని వెనుక ఇంకొకటి. లోపలికి ఉరికి చూసిన. పైపు మూతి పొడిగున్నది. డబ్బా అడుగు పొడిగున్నది. వైరు తడిగున్నది.

మా బోరు నీళ్లు ఉప్పగుంటయి. ఎక్కడ ఆరినా తెల్లటి పూత మిగులుతది. షవర్ రంధ్రాలు కూడా నెలకోసారి సూదితో పొడవాలె. ఆ చార ఎన్ని దినాలు ఆరినా గోడ మీద తెలుపు లేదు. వేలితో అద్ది నాలుకకు పెట్టిన. ఉప్పు లేదు. మా చెలకలో బోరు కొత్తగ పడ్డనాడు బాపు దోసిలిలో పట్టి నాకు తాపించిన తియ్యటి నీళ్లు యాదికొచ్చినయి. నేను అక్కడనే కూసున్న. భయం కాదు. గుడిలో ఒక్కనివే ఉన్నప్పుడు ఎవరో గంట కొట్టినట్టుంటది చూడు, అట్ల.

మూడు దినాలు సుగుణ మళ్లా బకెట్, చెంబుతోనే తిప్పలు పడ్డది. అయినా నా మనసు మొండిది. కారుడంటే కారుడే, బందు చెయ్యాలె. ఆదివారం కరెంటు మెయిన్ స్విచ్చు బందు చేసి డబ్బా దించిన. కొత్త వాచరు, కొత్త పైపు వేసిన. ఎర్తు వైరు మళ్లా బిగించి, తూటును రెండు దిక్కులా వైట్ సిమెంటుతో పూడ్చిన. సాయంత్రం దాక చార ఆరింది. సుగుణను పిలిచి చూపిచ్చిన.

"అయిపోయింది. ఎవ్వడూ రాకున్నా అయిపోయింది."

"మరి గుంతలకు నీళ్లు?" అన్నది సుగుణ.

ఆమె కూడా ఆ చారను చూస్తున్నదని అప్పుడే తెలిసింది.

సోమవారం పొద్దున ఏడింటికి సుగుణ స్నానానికి పోయింది. నేను ముందర పేపర్ చదువుతున్న. బాత్రూంలో 'టప్' అని సప్పుడు. ఇంట్లో కరెంటు పోయింది. సుగుణ కేక. నేను ఎట్ల ఉరికిన్నో నాకు తెలియదు.

తలుపు తీసింది. తల నిండా నురుగు, చీర చుట్టుకొని నిలబడ్డది. "నాకేం కాలే, నాకేం కాలే," అంటున్నది. డబ్బాలకెల్లి కాలిన వాసన.

యాదగిరి పది నిమిషాలకే వచ్చిండు. డబ్బా విప్పిండు. లోపల కాయిల్ నిలువునా పగిలి ఉన్నది. ఉప్పు పేరుకొని, ఎన్నో దినాల నుంచి పగులుకుంట వచ్చిందన్నడు. పగిలిన కాయిల్‌లకెల్లి కరెంటు నీళ్లలకు దిగింది. దిగిన లెక్కనే ఎర్తు దాన్ని గుంజుకున్నది, మెయిన్ పడిపోయింది. ఎర్తు పట్టకపోతే మెయిన్ పడేది కాదు, అదే కరెంటు నీళ్లతోని తల మీదికి వచ్చేది.

వాడు గోడ వెనుకకు పోయిండు. నేనూ పోయిన. గుంత మీది రాయి జరిపి, లోపలికి చెయ్యి పెట్టిండు. మోచేతి దాక పోయింది. తీస్తే వేళ్లకు బురద.

"అన్నా, గుంతకు రోజు నీళ్లు ఎవరు పోస్తున్నరే? గీ ఎండలకు ఊర్ల అందరి గుంతలు పెంక లెక్క ఉన్నయి. మీది ఒక్కటే గిట్ల సల్లగున్నది. పెద్దనాయిన ఉన్నప్పుడు ఉన్నట్టే."

ఈసారి వాడు నవ్వలేదు.

నేను తూటు చూసిన. వైట్ సిమెంటు ఎక్కడా పగలలేదు. గోడ పొడిగున్నది. గుంత పైమన్ను మాత్రం అప్పుడే పోసినట్టు నల్లగ తడిసి, నడుమ నీళ్లు ఇంకుకుంట చిన్న బుడగలు వస్తున్నయి. సుగుణను అడిగిన. వాళ్లమ్మ మీద ఒట్టేసింది, తాను పొయ్యలేదని. వాన లేదు. బాత్రూం నీళ్లు పోయే పైపు ఇంటికి ఇంకో దిక్కున్నది. ప్రహరీ దాటి ఎవరూ రారు. బాపు చెంబు వంటింట్లో అలమర మీదున్నది, నేనే పెట్టిన. పోయి చూసిన. లోపల తడిగున్నదా అని మీరు అడుగుతరు. లేదు, పొడిగనే ఉన్నది. లేనిది ఉన్నదని రాయను.

మధ్యాహ్నం ఫోన్ తీస్తే కంపెనీ నుంచి మెసేజ్ ఉన్నది. పొద్దున ఆరు కొట్టకముందు వచ్చింది. నా ఫిర్యాదు నంబర్ వేసి, 'మా మనిషి మీ ఇంటికి వచ్చి పని పూర్తి చేసినాడు' అని రాసిన్రు. సేవ ఎట్లుందో ఐదు చుక్కల్లో, అంటే స్టార్లలో, ఎన్నో తెలుపమన్నరు.

షాపుకు పోయి అడిగితే, కంప్యూటర్ ఫిర్యాదును తనంతట తనే మూసేస్తది సార్, ఎవ్వరూ రాలేదు అన్నరు. రానోడు వచ్చిండని రాసుడు వాళ్లకు అలవాటే అయ్యి ఉండొచ్చు. కాదనను. మరి గుంతలో తడి ఎవరిది? దానికి సేటు తలూపిండు, అంతే.

కొత్త షవర్ పెట్టిచ్చిన. చుక్క కారదు. సుగుణ పాత లెక్కనే తీరుబాటుగ స్నానం చేసి వస్తున్నది. రోజు పొద్దున ఆరు కొట్టకముందు నేను గుంతలో చెంబెడు నీళ్లు పోస్తున్న. మొదటి దినం యాదగిరి ఆ తొవ్వన పోతూ ప్రహరీ మీదికెల్లి చూసిండు. చూడనియ్యి అనుకున్న.

నా ఇన్నేండ్ల ఉమ్రులో నేను ఎవరి పనికీ ఐదు చుక్కలు ఇయ్యలేదు. ఆ మెసేజ్‌కు ఇచ్చిన.

ఇచ్చినంక నాకు హక్కున్నది, అడుగుతున్న. కంపెనీ చెప్తుందో, షాపు చెప్తుందో, బతికున్నప్పుడు నా ఒక్క ప్రశ్నకూ సక్కగ జవాబియ్యని మా బాపే చెప్తడో నాకు తెలియదు. ఆ పొద్దున మా ఇంటికి వచ్చి పని పూర్తి చేసింది ఎవరు? నాకు పేరు కావాలె.