ఖాళీలో పడిన దెబ్బ

మొన్న ఆదివారం భోజనాలయ్యాక మా అమ్మాయి ఫోనులో ఎవరో కుర్రాడి వీడియో పెట్టింది. పాత రాక్ సంగీతంలో విననక్కర్లేని ఆల్బములట. అందులో ఒక అట్ట కనబడింది. బూడిదరంగు కొండ, దాని కింద ఖాళీ కుర్చీ. ఆ అట్టని నేనెరుగుదును. పేరున్న బృందాన్ని వదిలేసి ఒక గిటారిస్టు ఒంటరిగా చేసిన ఆల్బమది. "వేగం లేదు, పై స్థాయికి వెళ్లడు, రెండో వైపు మధ్యలో వాయించడమే మర్చిపోయినట్టు కాసేపు ఏమీ ఉండదు" అని ఆ కుర్రాడు నవ్వాడు. నాకు ఒళ్లు మండింది. "కట్టీయమ్మీ దాన్ని. ఆడికేటి తెలుసు?" అన్నాను. పప్పులూ బెల్లం అమ్ముకునే నాన్నకి గిటార్ల మీద ఇంత పట్టింపేమిటో దానికి అంతుబట్టలేదు.

ఆ ఆల్బము క్యాసెట్టు మా చిన్నాన్న దగ్గర ఉండేది. రాయగడలో మా కొట్టు, రామనగుడలో మా రైసు మిల్లు. కొట్టు మా నాన్న, మిల్లు చిన్నాన్న చూసుకునేవారు. మిల్లుకి బెల్టు కొనడానికి విశాఖ వెళ్లినవాడు, పాత క్యాసెట్ల బండి మీద అట్ట బాగుందని అది కొన్నాడు. దాన్ని ప్రోగ్రెసివ్ రాక్ అంటారని మాకు చాలా ఏళ్లకి గాని తెలియలేదు. ఒక్కో పాటా గుణుపురం పాసింజరు రైలులా ఎక్కడెక్కడో ఆగుతూ, ఎప్పుడు చేరుతుందో చెప్పకుండా నడిచేది. మిల్లుని ఆనుకున్న ఆయన ఇంటికి సెలవులకి వెళ్లినప్పుడు మేమందరం చెవులు మూసుకునేవాళ్లం.

చిన్నాన్న చెవులు మిల్లు హోరుకి ఎప్పుడో పోయాయి. పూర్తిగా కాదు, సన్నటివి పోయాయి. పిట్టలు, సైకిల్ బెల్లు, ఆడవాళ్ల గొంతులు. సినిమా పాటల్లో డోలక్కు తప్ప ఆయనకేమీ అందేది కాదు. ఈ గిటారిస్టు మాత్రం ఆల్బమంతా లావు తీగల మీద, కింది స్థాయిలోనే నడిపాడు. లోకం దేన్ని లోపమందో, దానివల్లే ఆయనకి పాట మొత్తం వినబడింది. "ఈడొక్కడే నా కోసం వాయించేడ్రా" అనేవాడు, స్పీకరు మీద అరచెయ్యి ఆనించి.

గొంతు అందదు గనక పిన్ని ఒక పద్ధతి పెట్టుకుంది. భోజనానికి పిలవాలంటే వంటింటి గడప దగ్గర రోకలితో నేల మీద ఒక్క పోటు. మొగుడి పేరు ఎలాగూ పలకదు. "ఏటండీ అంటే ఈదిలో మొగుళ్లందరూ తిరుగుతారు, నా పిలుపుకైతే నా మొగుడే వొస్తాడు" అని నవ్వేది. మిల్లు నడుస్తున్నా ఆ పోటు చిన్నాన్నకి అరికాళ్లలో తెలిసేది.

ఒక వానాకాలం, మిల్లు ఆపేసిన రోజు, వంట కాకముందు ఆయన ముందుగదిలో టేపురికార్డరు దగ్గర కూర్చుని రెండో వైపు వింటున్నాడు. పాట పూర్తయింది. కాసేపటికి అన్నం మాడిన వాసన వచ్చింది. వెళ్లేసరికి పిన్ని గడప దగ్గర ఒరిగిపోయి ఉంది. గుండె ఆగిపోయింది. చెయ్యి రోకలి మీదే ఉంది.

పెద్దకర్మ నాడు చుట్టాలందరి ముందూ మా పెద్దత్త తేల్చేసింది. "ఆ పెట్టే దాన్ని సంపేసినాది. ఈడు పాటల్లో పడి ఇననేదు." పిన్ని చీరలు పంచిపెట్టడానికి మూటగడుతుంటే, చిన్నాన్న ఆ క్యాసెట్టు తెచ్చి తనే అందులో పెట్టాడు. ఆ చెవులు పోయింది మా అందరి తిండి కోసమేనని ఒక్క నోరూ అనలేదు.

చివరి రోజుల్లో ఆయన్ని రాయగడ తెచ్చుకున్నాం. ఒక పొద్దున్న మంచం పక్కన కూర్చుంటే, అడక్కుండానే చెప్పాడు.

"నాకు ఇనపడింది రా. పాట ఆగిపోద్ది సూడు, ఆ సోట ఒక్క దెబ్బ పడింది. వంట కానేదు గదా, పిలుపనుకోనేదు. పాటలో ఇన్నేళ్లూ నా చెవికి అందని దెబ్బ ఇయ్యాల దొరికింది అనుకున్నాను. సంబరపడ్డాన్రా."

అని గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ మాట నేనెవరికీ చెప్పలేదు. పెద్దత్త చెవిన పడితే పుండు మీద కారం చల్లేది.

మొన్న అమ్మాయికి చెప్పాను. అది వీడియో తీసేసి ఆల్బమే పెట్టింది. ఆ చోటు వచ్చింది. నిజమే, అక్కడేమీ లేదు. నేను చెప్పేదీ అదే. వాయించడం చేతకాక ఆపలేదతను, తెలిసే ఆపాడు. ఇంకే పాటయినా ఆ రోకటిపోటుని మింగేసేది. ఇది నోరు మూసుకుని పిన్నికి దారిచ్చింది. ఇంతకన్నా ఒక పాట ఏం చేయగలదు? పిలుపు చేరింది, పోల్చుకోవడమే జరగలేదు. దానికి పాటనీ అనలేను, చిన్నాన్ననీ అనలేను.

"ఇంతేనా నాన్నా ఆ ఖాళీ?" అంది అమ్మాయి.

ఇంతే. గట్టిగా ఊపిరి తీసి వదిలేలోగా గిటారు మళ్లీ అందుకుంటుంది. చిన్నాన్న మాత్రం మిగిలిన బతుకంతా ఆ కాసేపట్లోనే ఉండిపోయాడు.